టల్సాలో రెండు రోజులు, పాటల కాగితాల కోసం

మా అమ్మాయికి ఈ ఏడాది స్కూల్లో ఎస్.ఇ. హింటన్ నవల ‘ది అవుట్‌సైడర్స్’ చదవమని ఇచ్చారు. పుస్తకం సగం కాకముందే, ఆ కథతో న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లలో వచ్చిన మ్యూజికల్ (పాటలతో నడిచే నాటకం) పాటలన్నీ దానికి నోటికి వచ్చేశాయి. 2024లో అమెరికాలో నాటకాలకిచ్చే టోనీ అవార్డుల్లో ఉత్తమ మ్యూజికల్‌గా గెలిచింది కూడా అదే. కథ పుట్టిన ఊరు ఒక్లహోమాలోని టల్సా అనీ, డాలస్ నుంచి కారులో నాలుగు గంటలే అనీ తెలిశాక ఇక ఆగుతుందా! నాకేమో అక్కడ దాచిన, అమెరికన్ పాటల రచయిత, గాయకుడు బాబ్ డిలన్ నోటుపుస్తకాలు చూడాలని ఎప్పటి నుంచో ఉంది. ఓ శుక్రవారం సాయంత్రం ముగ్గురం బయల్దేరాం.

బస ఆర్ట్స్ డిస్ట్రిక్ట్ పక్కనే తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, అన్నిటికీ నడిచి వెళ్లొచ్చు. కానీ పార్కింగ్‌కి విడిగా డబ్బులు కట్టాలని బుక్ చేసినప్పుడు ఎక్కడా కనపడలేదు, పొద్దున బిల్లులో కనపడింది. పైగా రైలు పట్టాలు దగ్గర. రాత్రి రెండు గంటలకి గూడ్సు బండి కూత వేస్తే మా ఆవిడ లేచి కూర్చుంది. నిద్ర పల్చగా పట్టేవాళ్లు పట్టాలకి దూరంగా ఉన్న గది అడిగి తీసుకోండి.

శనివారం పొద్దున్నే బాబ్ డిలన్ సెంటర్‌కి వెళ్లాం. 2022 మేలో తెరిచారు. ఆయన దాచుకున్న కాగితాలు, టేపులు, ఫొటోలు అన్నీ కలిపి లక్షకు పైనే వస్తువులు 2016లో టల్సాకి చేరాయి. సాహిత్యంలో నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే. మనం చూసేది అందులో చాలా కొద్ది భాగం. అయినా మూడు గంటలు నాకు చాలలేదు. లోపల ఓ ఆరు పాటలు తీసుకుని, ఒక్కోటి ఎలా పుట్టిందో, ఎలా మారిందో విడివిడిగా చూపిస్తారు. టికెట్‌తో ఇచ్చే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పాట వింటూ కాగితం చూడొచ్చు. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం జేబులో పట్టేంత స్పైరల్ నోటుపుస్తకం ముందు. 1975 ఆల్బమ్ ‘బ్లడ్ ఆన్ ది ట్రాక్స్’ పాటలు రాసుకున్న కాలం నాటిది. చీమల బారులాంటి అక్షరాలు, ఇంచు ఖాళీ లేదు. ఒక మాట, దాని మీద కొట్టివేత, పక్కన ఇంకో మాట. మనకి అలవోకగా వినిపించే చరణం వెనక ఇంత గీకుడు ఉందా అనిపించింది.

పాట రాసేవాడు కవేనా అన్న పంచాయితీ మనకీ ఉన్నదే. గోరటి వెంకన్న గారి ‘వల్లంకి తాళం’కి 2021 సాహిత్య అకాడెమీ అవార్డు ప్రకటించినప్పుడు మా స్నేహితుల మధ్య ఇదే వాదన. ఆ నోటుపుస్తకం చూశాక నాకు ఆ ప్రశ్నే అనవసరం అనిపించింది. కవిత రాసేవాళ్లు పడే కష్టమే ఇక్కడా ఉంది. కాకపోతే ఇక్కడ మాట ట్యూన్‌లో కూడా కూర్చోవాలి. మన పాటల రచయితలు కొట్టేసిన కాగితాలు కూడా ఇలా ఎవరైనా పదిలంగా దాచి, పిల్లలకి చూపిస్తే ఎంత బాగుంటుంది! వేటూరి గారు ఒక పల్లవి ఎన్నిసార్లు మార్చారో నాకు చూడాలనుంది.

నాలుగు అడుగులు వేస్తే అమెరికన్ జానపద గాయకుడు, పాటల రచయిత వుడీ గథ్రీ పేరిట ఉన్న సెంటర్. దీన్ని 2013లో తెరిచారు. చిన్నది, జనం తక్కువ, సిబ్బంది ఓపిగ్గా మాట్లాడారు. ‘దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్’ చేతిరాత ప్రతి ఇక్కడిదే. 1940 ఫిబ్రవరిలో రాసినప్పుడు ప్రతి చరణం చివరా ‘దేవుడు నాకోసం అమెరికాని దీవించాడు’ అన్న అర్థం వచ్చే మాట ఉండేది. తర్వాత అది కొట్టేసి, ఈ నేల నీకూ నాకూ అని మార్చాడు. ఒక్క కొట్టివేతతో పాట దేవుడి చేతిలోంచి జనం చేతిలోకి వచ్చేసింది. రెంటిలో ఒక్కటే చూసే టైమ్ ఉంటే, డిలన్ అభిమానినై ఉండి కూడా, నేను పిల్లలతో గథ్రీ దగ్గరికే వెళ్లమంటాను.

తిండి విషయం క్లుప్తంగా చెప్తాను. మధ్యాహ్నం ఒకచోట మాంసం లేని సూప్ అని అడిగి మరీ తీసుకుంటే, చికెన్ నీళ్లతో చేశారని సగం తాగాక తెలిసింది. శాకాహారులు సూప్ దేనితో కాచారో కూడా అడగండి.

ఆదివారం మా అమ్మాయి వంతు. 1983లో దర్శకుడు కొప్పోలా ‘ది అవుట్‌సైడర్స్’ నవలని సినిమా తీసినప్పుడు కథలోని అన్నదమ్ముల ఇల్లుగా చూపించిన పాత ఇల్లు పాడుబడిపోతుంటే, ‘హౌస్ ఆఫ్ పెయిన్’ ర్యాప్ గ్రూప్‌లోని డ్యానీ బాయ్ ఓకానర్ 2016లో కొన్నాడు. రాక్ గాయకుడు జాక్ వైట్ 30 వేల డాలర్లు ఇచ్చాడు. 2019లో మ్యూజియంగా తెరిచారు. హైస్కూల్ చదువుతూ ఒక అమ్మాయి రాసిన పుస్తకం (1967లో అచ్చయింది) కోసం ఒక ర్యాపర్, ఒక రాక్ గాయకుడు డబ్బు పెట్టి ఇల్లు నిలబెట్టారు! గదులు ఇరుకు, అరగంటలో చూడటం అయిపోతుంది. పుస్తకం చదవనివాళ్లకి పెద్దగా ఏమీ అనిపించదు. మా అమ్మాయి మాత్రం వరండా మెట్ల మీద కూర్చుని లేవనంది. "నాన్నా, హింటన్ ఇది మొదలుపెట్టినప్పుడు నాకంటే రెండేళ్లే పెద్దది" అంది. నేనేమీ మాట్లాడలేదు, పక్కన కూర్చున్నాను.

తిరుగు ప్రయాణంలో కాస్త చుట్టైనా గథ్రీ పుట్టిన ఒకీమాలో ఆగాం. మూడు నీళ్ల ట్యాంకులున్నాయి. ఒకదాని మీద ‘హాట్’, ఒకదాని మీద ‘కోల్డ్’, మూడోదాని మీద ‘హోమ్ ఆఫ్ వుడీ గథ్రీ’. ఆయన వామపక్ష భావాల వల్ల ఈ ఊరు చాలా కాలం ఆయన్ని తనవాడని చెప్పుకోలేదు. ఇప్పుడు గిటార్‌తో ఉన్న విగ్రహం ఉంది, ప్రతి జులైలో ఆయన పుట్టినరోజు చుట్టూ జానపద సంగీత ఉత్సవం చేస్తారు. ఆదివారం మధ్యాహ్నం వీధిలో మేం తప్ప ఎవరూ లేరు. మా ఆవిడ ఫొటో తీస్తుంటే మా అమ్మాయి విగ్రహం గిటార్ మీద చెయ్యి వేసి నిలబడింది. వచ్చే జులైలో ఎండ ఎంతున్నా సరే, ఆ ఉత్సవానికి రావాలని అక్కడే అనుకున్నాం.