గ్లకోమాను ఆపుతుందన్న భోజనం డబ్బా: కూరలకు నాలుగు స్టార్లు, కరపత్రానికి ఒకటే

తిండి ఎలా ఉందని అడిగితే బాగుందనే చెప్తాను. డబ్బాతో పాటు ఇచ్చే కరపత్రం గురించి అడిగితే మాత్రం కాస్త తీరిగ్గా కూర్చోండి, ఎందుకంటే ఈ రివ్యూలో సగం పైన దాని గురించే.

మా విశాఖలో ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు ఈమధ్య ఇంటికి మధ్యాహ్న భోజనం తెచ్చిచ్చే సర్వీసు ఒకటి మొదలైంది. మామూలు క్యారేజీ కాదట, కళ్ళ కోసం ప్రత్యేకంగా తయారుచేసిన మెనూ అట. పేరు రాయను, ఇలాంటివి ఊళ్ళో ఇప్పుడు ఒకటే కాదు కదా, షుగర్‌కి ఒక డబ్బా, థైరాయిడ్‌కి ఒక డబ్బా, మోకాళ్ళకి ఇంకోటి. పొద్దున్న బీచ్ రోడ్డులో వాకింగ్‌కి వచ్చేవాళ్ళకి వీళ్ళు కరపత్రాలు పంచుతుంటే మా అమ్మ ఒకటి తెచ్చింది. అమ్మకి గ్లకోమా ఉంది, అంటే కంటి నరం మెల్లగా దెబ్బతిని చూపు తగ్గిపోయే జబ్బు, రోజూ రాత్రి కళ్ళల్లో చుక్కలు వేసుకుంటుంది. నాకు లేదు గానీ నలభై దాటాయి, కన్నవాళ్ళకో తోబుట్టువులకో ఉంటే మనకి వచ్చే అవకాశం మిగతావాళ్ళ కన్నా బాగా ఎక్కువ. సరే చూద్దాం అని ఇద్దరికీ నెల ప్యాకేజీ కట్టేశాం, డబ్బా 180 రూపాయలు.

ముందు తిండి సంగతి. కొర్రలన్నం లేదా దంపుడు బియ్యం అన్నం, రోజూ ఏదో ఒక ఆకుకూర పప్పు, ఒక వేపుడు, క్యారెట్ కోరు కలిపిన పెసరపప్పు కోసంబరి, మజ్జిగ, కాసిని బొప్పాయి లేదా జామ ముక్కలు. తోటకూర పప్పు నిజంగా బాగా చేస్తున్నారు, వెల్లుల్లి పోపు వాసన మూత తీయగానే తగులుతుంది, ఆకు లేతగా ఉంటుంది, ఎక్కడా పుల్ల తగల్లేదు. బచ్చలికూర పప్పులో చింతపండు కాస్త ఎక్కువే, మాకు అదే నచ్చింది. బీట్‌రూట్ వేపుడు మాత్రం వారంలో ఇన్నిసార్లా అనిపిస్తుంది. ఉప్పు తక్కువ వేస్తారు, అమ్మ నేను చూడనప్పుడు ఆవకాయ బద్ద పక్కన పెట్టుకుంటోందని నాకు తెలుసు, తెలియనట్టే ఉన్నాను. స్టీలు క్యారేజీలో ఇచ్చి మర్నాడు ఖాళీది పట్టుకెళ్తారు, ప్లాస్టిక్ లేదు, దానికి మెచ్చుకోవాలి. పన్నెండున్నరకి అని చెప్పి కొన్ని రోజులు ఒకటిన్నర దాటాక తెచ్చారు, అప్పటికి కొర్రలన్నం గట్టిపడిపోతుంది. ఎక్స్‌ట్రా 60 రూపాయలిస్తే కేల్ ఆకు సలాడ్ ఇస్తారు. ఒకసారి తెప్పించాం. నమిలీ నమిలీ దవడలు నొప్పి పుట్టాయి. పొన్నగంటి కూర, మునగాకు మన పక్కనే ఉండగా ఈ కేల్ ఎందుకయ్యా అని అడిగితే ‘స్టడీస్‌లో అదే ఉంది మేడమ్’ అన్నాడు ఫోన్‌లో కుర్రాడు. నిజమే, అమెరికా స్టడీల్లో అదే ఉంది, అక్కడివాళ్ళు అదే తింటారు కాబట్టి.

ఇక కరపత్రం. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ‘గ్లకోమా రిస్క్ 30 శాతం తగ్గుతుంది’ అని వేశారు. ఇది గాల్లోంచి పుట్టిన అంకె కాదు, అందుకే ఇంత రాస్తున్నాను. 2016లో బోస్టన్ పరిశోధకులు అమెరికాలో 63,893 మంది నర్సులనీ, వైద్యరంగంలో పనిచేసే 41,094 మంది మగవాళ్ళనీ పాతికేళ్ళకి పైగా గమనించిన లెక్కలు బయటపెట్టారు. ఆకుకూరల ద్వారా నైట్రేట్ బాగా ఒంట్లోకి వెళ్ళినవాళ్ళలో, చాలా తక్కువ వెళ్ళినవాళ్ళతో పోలిస్తే, ఓపెన్ యాంగిల్ గ్లకోమా (కంటి లోపల నీరు పోయే మూల తెరిచే ఉండే రకం) 20 నుంచి 30 శాతం తక్కువగా కనిపించింది. చూపు మధ్యభాగానికి దగ్గర్లో ముందుగా దెబ్బతినే రకమైతే 40 నుంచి 50 శాతం తక్కువ. కారణం ఇలా ఉండొచ్చంటారు: ఆకుకూరల్లోని నైట్రేట్‌ని నోట్లో ఉండే బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది, దానితో రక్తనాళాలు సడలి కంటి నరానికి రక్తం బాగా అందుతుంది, కంట్లో ఊరే నీరు జల్లెడ లాంటి దారిగుండా బయటికి పోవడం కూడా తేలికవుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేసే కంటి చుక్కలు కూడా ఉన్నాయి, అమెరికాలో 2017లో అనుమతి ఇచ్చారు. అంటే ఆలోచనలో పస ఉంది.

కానీ అదే లెక్కలో ఇంకో అంకె కూడా ఉంది, కరపత్రంలో అది లేదు. లక్షా ఐదు వేల మందిలో అన్నేళ్ళలో ఈ జబ్బు వచ్చింది 1,483 మందికి. వందకి ఒకటిన్నర అనుకోండి. అందులో 30 శాతం తగ్గడమంటే ఎంతో మీరే లెక్కేసుకోండి. పైగా ఆకుకూరలు ఎక్కువ తినేవాళ్ళు వ్యాయామం కూడా చేస్తారు, డాక్టర్ దగ్గరికీ వేళకి వెళ్తారు, ఇలాంటివన్నీ ఎంత సర్దుబాటు చేసి లెక్కగట్టినా ఫలానా ఆకు వల్లే తగ్గిందని తేల్చడం కుదరదు. తినమని కొందరికి, తినొద్దని కొందరికి చెప్పి చూసిన పరీక్ష కాదు అది. అన్నిటికన్నా ముఖ్యం, అది జబ్బు ఇంకా లేనివాళ్ళ మీద చేసిన లెక్క. మా అమ్మలా ఇప్పటికే ఉన్నవాళ్ళకి ఆ 30 శాతం వర్తించదు. డబ్బా అమ్మేవాళ్ళు మాత్రం ఇద్దరికీ అదే కాగితం ఇస్తున్నారు.

రెండో పేజీలో గ్రీన్ టీ. ‘వేడి టీ తాగేవాళ్ళకి 74 శాతం రక్షణ’ అట, ప్యాకేజీతో టీ పొట్లాలు ఫ్రీ. ఇదీ అమెరికా సర్వే లోంచి తెచ్చిందే, 2005-06లో చేసిన జాతీయ సర్వే. అందులో చూసింది 1,678 మందిని, గ్లకోమా ఉన్నవాళ్ళు 84 మంది. ఆ 84 మందిలో రోజూ టీ తాగేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి, ఆ పిడికెడు మందితో 74 శాతం అని పోస్టర్ వేసేస్తే ఎలా? ఇంకో విషయం, ఆ సర్వేలో గ్రీన్ టీయా, మామూలు టీయా అని విడదీసి అడగలేదు. మన జగదాంబ సెంటర్‌లో గాజు గ్లాసులో ఇచ్చే అల్లం టీ కూడా వేడి టీనే మరి.

కాఫీ మీద మాత్రం కరపత్రం కక్ష కట్టింది. అస్సలు ముట్టకూడదట. మా ఇంట్లో అరకు కాఫీ పొడి లేకపోతే పొద్దు పొడవదు, అమ్మ మొహం చిన్నబోయింది. నిజానికి సంగతి ఇంత మోటుగా లేదు. కాఫీ తాగాక కంటి ప్రెషర్, అంటే కంటి లోపలి ఒత్తిడి, కాసేపు కొద్దిగా పెరుగుతుంది, నిజమే. 2021లో బ్రిటన్‌లో లక్ష మందికి పైగా వివరాలు చూసినప్పుడు మామూలు జనంలో కాఫీకి గ్లకోమాకి పెద్ద సంబంధం కనపడలేదు. కానీ కంటి ప్రెషర్ పెరిగే జన్యు స్వభావం బాగా బలంగా ఉండి, రోజుకి 321 మిల్లీగ్రాముల పైన కెఫీన్, అంటే సుమారు మూడు కప్పులు, తీసుకునేవాళ్ళలో, ఆ స్వభావం తక్కువగా ఉండి కెఫీన్ జోలికే పోనివాళ్ళతో పోలిస్తే, గ్లకోమా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ కనిపించింది. అంటే మా ఇంట్లోవాళ్ళం కాస్త చూసుకోవాల్సిందే. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి, అక్కడితో ఆపాం. అన్నట్టు, కాఫీ వద్దని రాసినవాళ్ళే ఫ్రీగా ఇచ్చే గ్రీన్ టీలోనూ కెఫీన్ ఉంటుంది.

నాకు అసలు కోపం వచ్చింది మూడో పేజీ దగ్గర. ‘పరగడుపునే లీటరు డిటాక్స్ వాటర్ గటగటా తాగండి, కంటి ప్రెషర్ దిగుతుంది.’ ఇది తలకిందుల మాట. ఒకేసారి లీటరు నీళ్ళు తాగితే కంటి ప్రెషర్ కాసేపు పెరుగుతుంది, ఆ సంగతి కంటి డాక్టర్లకి ఎంత బాగా తెలుసంటే దాన్నే ఒక పరీక్షలా వాడతారు, ఐదు నిమిషాల్లో లీటరు తాగించి ప్రెషర్ ఎంత ఎక్కుతుందో కొలుస్తారు. నీళ్ళు తాగాలి, విశాఖ ఉక్కపోతలో తాగకపోతే ఎలా, కొంచెం కొంచెంగా రోజంతా తాగాలి. దాని పక్కనే ఒకాయన శీర్షాసనం వేస్తున్న ఫొటో. మా డాక్టర్ గారికి కరపత్రం చూపిస్తే చకచకా తిప్పుతూ ఆ ఫొటో దగ్గర ఆగిపోయి ‘ఇది ఎవరు వేయమన్నారమ్మా?’ అని అడిగారు. తల కిందికి పెట్టినప్పుడు కంటి ప్రెషర్ రెట్టింపు అవుతుందని మన దేశంలోని డాక్టర్లే 2006లో కొలిచి చూపించారట. గ్లకోమా ఉన్నవాళ్ళు ఆ ఆసనం జోలికి పోకూడదు.

ఇంకో సంగతి. ప్యాకేజీ రెండో వారంలో వాళ్ళ ‘డైట్ కౌన్సిలర్’ అమ్మకి ఫోన్ చేసి, ‘రెండు నెలలు మా ఫుడ్ తిన్నాక చుక్కలు మెల్లగా తగ్గించుకోవచ్చు ఆంటీ’ అని చెప్పింది. అమ్మ నాతో ఆ మాట సంతోషంగా చెప్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. గ్లకోమాలో చాలాసార్లు నొప్పి ఉండదు, చాలామందికి చూపు అంచుల నుంచి పోతూ ఉంటుంది కాబట్టి పోతున్నట్టే తెలియదు, పోయింది మళ్ళీ రాదు. ఇప్పటివరకు పనిచేస్తుందని రుజువైన దారి ఒక్కటే, కంటి ప్రెషర్ తగ్గించడం, అది చుక్కలతోనో లేజర్‌తోనో ఆపరేషన్‌తోనో. ఏ పప్పుకూరా చుక్క మందుకి బదులు కాదు. నేను ఫోన్ చేసి గట్టిగా అడిగితే ‘మేం ఆపమని చెప్పలేదు మేడమ్, తగ్గించొచ్చు అన్నాం’ అన్నారు. ఆ రెంటికీ తేడా ఏంటో నాకు తెలియలేదు. ఒక్క స్టారు ఇచ్చింది దీనికే, అదీ కాగితం మంచిది వాడారని.

మా మేనత్తకి ఇంకో రకం గ్లకోమా, కంటి లోపల నీరు పోయే మూల ఇరుకుగా ఉందని చెప్పి లేజర్‌తో చిన్న రంధ్రం పెట్టారు. మన దేశంలో ఈ రకం కూడా తక్కువేం కాదు. ఆకుకూరల లెక్కలేవీ దాని గురించి చేసినవి కావు. ఇరుకు దారిని తోటకూర వెడల్పు చేయదు కదా. కరపత్రంలో ఇలాంటి తేడా ఒకటి ఉంటుందన్న ఊసే లేదు.

అదనంగా విటమిన్ బి3 బిళ్ళలు కూడా అంటగట్టబోయారు. దీని మీద పరిశోధన జరుగుతున్న మాట నిజం, 2017లో ఎలుకల్లో మంచి ఫలితం కనిపించాక మనుషుల్లోనూ చూస్తున్నారు, కానీ ఆ ప్రయోగాల్లో ఇచ్చేది రోజుకి గ్రాముల లెక్కలో, లివర్ పరీక్షలు చేయిస్తూ ఇవ్వాల్సిన మోతాదు. భోజనం డబ్బాతో పాటు తెచ్చిచ్చే వస్తువు కాదది. అలాగే గుండెకి వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్ర వేసుకునేవాళ్ళు ఉన్నట్టుండి రోజూ గిన్నెడు పాలకూర మొదలుపెడితే అందులోని విటమిన్ కె వల్ల మాత్ర పని తగ్గిపోతుంది, ముందు డాక్టర్‌ని అడగాలి. ఆర్డర్ తీసుకునేటప్పుడు ఏ మందులు వాడుతున్నారని వీళ్ళు ఒక్క ముక్క కూడా అడగలేదు.

మరి కొనొచ్చా? ఆఫీసుకి పోయేవాళ్ళు, వంట చేసుకోలేని పెద్దవాళ్ళు మంచి భోజనం అనుకుని కొనండి, 180కి ఆ రుచి, ఆ శుభ్రం నాకు దండగ అనిపించలేదు. కంటి మందు అనుకుని మాత్రం కొనకండి. ఆకుకూరలే కావాలంటే ఎంవీపీ రైతు బజార్‌కి పొద్దున్నే వెళ్తే రెండు డబ్బాల డబ్బులకి వారానికి సరిపడా కట్టలు వస్తాయి, ఇసుక పోయేదాకా కడగడమే పని. నలభై దాటి, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే ఆ మిగిలిన డబ్బులతో హనుమంతవాక ఎల్వీ ప్రసాద్‌లోనో మీకు అలవాటైన ఇంకో కంటి ఆస్పత్రిలోనో పరీక్ష చేయించుకోండి. ప్రెషర్ ఒక్కటే చూపించుకుని వచ్చేయకండి, 10 నుంచి 21 మధ్య మామూలు అంటారు గానీ ఆ లోపల ఉన్నవాళ్ళకి కూడా నరం దెబ్బతినొచ్చు, అందుకని నరం చూడమనండి, అవసరమంటే ఆ లైట్లు వెలిగినప్పుడల్లా బటన్ నొక్కే ఫీల్డ్ టెస్ట్ కూడా చేయించుకోండి. నేను చేయించుకున్నాను, ప్రస్తుతానికి బాగానే ఉంది, ఏడాదికోసారి రమ్మన్నారు.

అమ్మ ప్యాకేజీ ఆపేశాం, మిగిలిన రోజుల డబ్బులు వెనక్కివ్వలేదు, నా ప్యాకేజీలో కలిపారు. ఆర్డర్ చేసేవాళ్ళకి ఒక మాట: ముందురోజు సాయంత్రం ఏడు లోపు చెప్తే బీట్‌రూట్ బదులు దొండకాయ వేపుడు ఇస్తారు, ఆదివారం సెలవు, క్యారేజీ మూత పోగొడితే 100 రూపాయలు పట్టుకుంటారు.