పెరూకు ఏ దారి మేలు: సాన్ మార్టిన్ ఓపికా, బొలీవర్ యుద్ధమా?

పెరూ స్వాతంత్ర్య దినం జులై 28. 1821లో ఆ రోజున రాజధాని లిమా నడిబొడ్డున అర్జెంటీనా సేనాని హోసే దె సాన్ మార్టిన్ స్వాతంత్ర్యాన్ని ప్రకటించాడు. స్పెయిన్ సైన్యం నిజంగా ఓడి లొంగిపోయింది మాత్రం 1824 డిసెంబర్ 9న, అయకూచో మైదానంలో. అప్పుడు దేశం వెనెజులా నుంచి వచ్చిన సేనాని సిమోన్ బొలీవర్ చేతిలో ఉంది. ఒకరు ప్రకటించారు, ఇంకొకరు సాధించారు. మధ్యలో మూడేళ్లకు పైగా జనం నలిగిపోయారు. అందుకే ఈ ఇద్దరి దారుల్లో ఏది మేలన్న ప్రశ్న నాకు పాతబడినట్టు అనిపించదు.

దానికి జవాబు వెతకాలంటే 1780 దాకా వెనక్కి వెళ్లాలి. కుస్కో దగ్గర తుంగసూకా ప్రాంతపు కురాకా, అంటే స్థానిక పెద్ద, హోసే గాబ్రియెల్ కొందోర్కాంకీ స్పెయిన్ రాకముందు ఏలిన ఇన్కా రాజుల వంశం వాడినని చెప్పుకుని టుపాక్ అమారు అనే పేరు పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో కొండసీమ ఊళ్ల నుంచి జనాన్ని పొటోసీ వెండి గనులకు వెట్టికి తోలేవారు. జిల్లా అధికారులు అక్కర్లేని సరుకులు బలవంతంగా అంటగట్టి డబ్బు గుంజేవారు. అలాంటి అధికారి ఆంటోనియో దె అర్రియాగాను నవంబర్‌లో పట్టుకుని ఉరి తీయడంతో తిరుగుబాటు మొదలైంది. కొద్ది రోజులకే బానిసలకు విముక్తి ప్రకటించాడు, సంగరరాలో గెలిచాడు. వెంటనే కుస్కో మీదికి వెళ్లమని భార్య మికేలా బస్తీదాస్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. అతను ఆలస్యం చేశాడు. 1781 మే 18న ఇద్దరినీ కుస్కో కూడలిలో ఘోరంగా చంపారు.

ఈ తిరుగుబాటు చూసి ఎక్కువగా భయపడింది అక్కడే పుట్టిన స్పానిష్ సంతతి వాళ్లు, క్రియోల్లోలు. స్పెయిన్ పెత్తనం వాళ్లకూ బరువే. అయినా ఆ పెత్తనం పోతే కొండల్లోంచి మరో టుపాక్ అమారు దిగివస్తాడేమోనన్న టెన్షన్ అంతకంటే పెద్దది. చుట్టుపక్కల దేశాలు 1810 నుంచి తిరగబడుతుంటే లిమా కదలకపోవడానికి ఇది ఒక పెద్ద కారణం. కుస్కోలో 1814లో అంగులో సోదరులు, ముసలి కురాకా పూమకావా లేపిన తిరుగుబాటు కూడా ఏడాది తిరగకుండానే అణగిపోయింది.

సాన్ మార్టిన్‌కు ఈ భయం బాగా తెలుసు. 1820 సెప్టెంబర్‌లో బ్రిటిష్ నావికుడు లార్డ్ కాక్రన్ ఓడల మీద 4,000 మందికి పైగా సైనికులతో లిమాకు దక్షిణాన పరాకాస్ తీరంలో దిగాడు. ఎదురుగా ఉన్న స్పెయిన్ రాజు సైన్యం అంతకు చాలా రెట్లు పెద్దది. కాబట్టి తొందరపడకుండా ఓడలతో రేవుకు దారి మూసి, కరపత్రాలు పంచి, లిమా పెద్దమనుషులు తమంతట తామే స్పెయిన్‌ను వదిలేసే రోజు కోసం చూశాడు. 1821 జూన్‌లో పుంచావుకా ఎస్టేట్‌లో వైస్రాయ్ లా సెర్నాతో కూర్చుని ఒక రాజీ ప్రతిపాదించాడు. స్పెయిన్ పెరూ స్వాతంత్ర్యాన్ని ఒప్పుకోవాలి, బదులుగా స్పెయిన్ రాజవంశం నుంచే ఒక యువరాజు వచ్చి పెరూకు రాజు కావాలి. రాజు పక్షపు సైనికాధికారులు కాదనడంతో అది వీగిపోయింది.

రాజరికం కోరుకున్నాడని అతన్ని తప్పుపట్టేవాళ్లు చాలామంది. నేను ఆ పక్షం కాదు. నెత్తురు పారకుండా, లిమా బెదరకుండా అధికారం మారాలన్నది అతని ఆలోచన. పైగా ప్రొటెక్టర్‌గా, అంటే దేశ రక్షకుడనే పదవిలో, పాలన చేపట్టిన మొదటి నెల ఆగస్టులోనే అతను ఇచ్చిన ఆజ్ఞలు చూడండి. జులై 28 తర్వాత బానిసలకు పుట్టే పిల్లలు స్వేచ్ఛాపరులు. మూలవాసుల మీద తలపన్ను రద్దు, ఇకపై వాళ్లూ పెరూవియన్లే. వెట్టి రద్దు. జాతీయ గ్రంథాలయం స్థాపన.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఆ 1821 జులైలో లా సెర్నా లిమాను ఖాళీ చేసి, జబ్బులతో చిక్కిపోయిన సైన్యంతో కొండలెక్కాడు. అదే సమయానికి సాన్ మార్టిన్ సేనాని అరెనాలెస్ ఆ కొండసీమలోని హౌహా ప్రాంతంలోనే ఉన్నాడు. అంతకుముందు ఏడాది అతను తిరిగిన దారిలో హువాంకాయో ప్రజలు 1820 నవంబర్‌లోనే, లిమా కంటే ఎనిమిది నెలల ముందు, స్వాతంత్ర్య ప్రమాణం చేశారు. అతని సైన్యం ముందుకు సాగిపోయాక రాజు సైన్యం వస్తే వడిసెలలు, కర్రలతో ఎదురు నిలిచి ప్రాణాలిచ్చారు. ఇంత తెగువ చూపిన సీమను నిలబెట్టుకోవాల్సింది పోయి, కచ్చితంగా గెలుస్తామంటే తప్ప పోరుకు దిగొద్దని సాన్ మార్టిన్ అరెనాలెస్‌కు కబురు పెట్టాడు. చివరికి ఆ దళం కూడా తీరానికి దిగి వచ్చేసింది. తిండిగింజలు, గనులు, సైన్యంలోకి పట్టుకుపోవడానికి మనుషులు ఉన్న కొండసీమంతా లా సెర్నాకు దక్కింది. కుస్కోలో కూర్చుని అతను మరో మూడేళ్లు ఏలాడు. తలపన్ను రద్దు ఎవరి కోసమో, వాళ్లలో ఎక్కువమంది ఉన్నది ఆ కొండల్లోనే. లిమా ఆజ్ఞ అక్కడ చెల్లలేదు.

1822 జులైలో ఇప్పటి ఈక్వడార్‌లోని గ్వాయకీల్‌లో బొలీవర్‌ను కలిసి వచ్చాక, సెప్టెంబర్‌లో సాన్ మార్టిన్ కాంగ్రెస్‌కు అధికారం అప్పగించి వెళ్లిపోయాడు.

తర్వాతి ఏడాది చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. 1823 జనవరిలో తొరాతా, మొకేగ్వాల్లో స్వాతంత్ర్య సైన్యానికి వరుస ఓటములు. జూన్‌లో శత్రువు లిమాలోకి రావడం. రీవా అగ్వెరో ఒకవైపు, తొర్రె తగ్లె ఇంకోవైపు, ఇద్దరు అధ్యక్షులు, పైగా ఇద్దరూ రాజు పక్షంతో మంతనాలు. సెప్టెంబర్‌లో బొలీవర్ వచ్చేనాటికి దేశం ఈ స్థితిలో ఉంది. 1824 ఫిబ్రవరిలో జీతాలు అందని కయావో కోట (లిమా రేవులోని కోట) సైనికులు తిరగబడి కోటను శత్రువుకు అప్పగించారు. కాంగ్రెస్ దిక్కుతోచక బొలీవర్‌ను నియంతను చేసింది.

అతను లిమాను పట్టించుకోలేదు. ట్రుహీయో కేంద్రంగా ఉత్తరాది జిల్లాల మీద పన్నులు వేశాడు, చర్చిల వెండి తీసుకున్నాడు, మనుషుల్ని సైన్యంలోకి లాగాడు. ఉత్తరాది జనం ఆ బరువు మోసి కుంగిపోయారు. అలా కూడగట్టిన సైన్యంతో నేరుగా కొండలెక్కాడు. ఆగస్టు 6న హునీన్‌లో కత్తులు, బల్లేలతోనే సాగిన గుర్రపు దళాల పోరు గెలిచాడు. డిసెంబర్‌లో అయకూచోలో బొలీవర్ సేనాని, 29 ఏళ్ల సూక్రే సుమారు 6,000 మందితో 9,000 మందిని ఓడించి, గాయపడ్డ వైస్రాయ్‌ను బందీ చేశాడు. ఎగువ పెరూలో, అంటే ఇప్పటి బొలీవియాలో, ఓలాన్యేతా అనే రాజు పక్షపు సేనాని ఆ ఏడాదే లా సెర్నా మీద తిరగబడటం కూడా బాగా కలిసొచ్చింది. కయావో కోట మాత్రం 1826 జనవరి దాకా లొంగలేదు. ఆ ముట్టడిలో ఆకలి, రోగాలతో వేలమంది పోయారు.

స్పెయిన్‌ను సాగనంపడమే కొలత అయితే నేను బొలీవర్ దారినే మేలంటాను. పుంచావుకా తర్వాత మాటలతో కదిలే శత్రువు మిగల్లేదు. కొండసీమ ఎవరిదో దేశం వాళ్లదని అతను గ్రహించి, ఆ ప్రకారమే నడిచాడు. గెలిచాక చేసిన పాలన మాత్రం సాన్ మార్టిన్ తొలి నెల ముందు వెలవెలబోతుంది. ఊరుమ్మడి భూముల్ని విడివిడిగా పంచమన్న అతని 1824 ఏప్రిల్ ఆజ్ఞ రైతుకు మేలు చేయాలనే పుట్టింది. కానీ ఉమ్మడి రక్షణ పోయిన చిన్న కమతం పెద్ద ఎస్టేటు ముందు ఎలా నిలుస్తుంది? మరుసటి ఏడాది, ఒక గడువు దాకా ఆ భూముల్ని అమ్మకూడదని ఆంక్ష పెట్టాల్సి వచ్చింది. 1826 ఆగస్టులో, ఖజానా ఖాళీ అని, అతని ప్రభుత్వమే మూలవాసుల తలపన్నును మళ్లీ తెచ్చింది. జీవితకాల అధ్యక్షుడి రాజ్యాంగం కూడా అప్పుడే వచ్చింది, 1827 మొదట్లోనే కూలిపోయింది.

ఈ రెండిటికీ మధ్య ఎవరూ నడవని దారి ఒకటి ఉందని నా గట్టి నమ్మకం. 1821లో లిమాను కాస్త ఆగమని, అరెనాలెస్‌ను హౌహాలోనే నిలబెట్టి, హువాంకాయో లాంటి ఊళ్ల గెరిల్లా దళాలకు తుపాకులిచ్చి ఉంటే ఆ ఆగస్టు ఆజ్ఞలు కొండల్లోనూ అమలయ్యేవి. క్రియోల్లోల భయం దానికి అడ్డొచ్చేదేమో. కానీ 1780 నాటి ఆ భయానికే విలువిచ్చి కొండసీమను వదిలేసినందుకు అక్కడి రైతు చెల్లించింది చాలా ఎక్కువ. తలపన్ను, దాంతోపాటు బానిసత్వం రద్దయ్యేసరికి 1854 వచ్చింది. రద్దు చేసిన రమోన్ కస్తీయా, అయకూచోలో పోరాడిన సైనికుల్లో ఒకడు.