విశాఖ నుంచి కళింగపట్నం దాకా: కొత్త జంటకు శని, ఆదివారాల కారు ప్రయాణం

రెండు రోజులే చేతిలో ఉంటే అరకు, లంబసింగి ఊసే వద్దు. ఘాట్ రోడ్డు ఎక్కి దిగడంలోనే ఒక పూట పోతుంది. సముద్రం వెంట ఉత్తరంగా వెళ్తే రుషికొండ, భీమిలి, శ్రీకాకుళం, కళింగపట్నం తీరిగ్గా చూడొచ్చు. అయితే ఈ దారిలో ఏ ఊరికి ఏ రోజు వెళ్లాలన్నది ముఖ్యం. చాలామంది శనివారం భీమిలి బీచ్ రోడ్డు తిరిగి ఆదివారం శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లి సూర్యదేవాలయం పెట్టుకుంటారు. అది తిరగేయాలి. ఆదివారం సూర్యభగవానుడి వారం కాబట్టి అరసవల్లి క్యూలోనే సగం పూట అయిపోతుంది. అందుకే శనివారం శ్రీకాకుళం వైపు, ఆదివారం పొద్దున్నే భీమిలి రోడ్డు. ఆదివారం సాయంత్రం ఊరంతా ఆ రోడ్డు మీదే ఉంటుంది, అప్పటికి మీరు గదికి చేరిపోవాలి.

రెండు రాత్రులూ ఒకే చోట దిగడం మేలు. ఆర్కే బీచ్ ఎదుటి హోటళ్లలో గది కిటికీ తీస్తే సముద్రం, మెట్లు దిగితే ముంత మసాలా బండి. కానీ రాత్రి పొద్దుపోయేదాకా హారన్ల మోత, పైగా ఉదయం నడిచేవాళ్ల కోసం బీచ్ రోడ్డులో కొంత భాగం మూసేస్తారు. తెల్లవారుజామున కారు తీయాలంటే వెనక వీధుల్లోంచి పోవాలి. భీమిలి వైపు రిసార్టులు ప్రశాంతమే గాని రాత్రి తొమ్మిది దాటితే భోజనానికి ఆ హోటల్ వంటగదే దిక్కు. ఈ ప్రయాణానికి రుషికొండ, సాగర్ నగర్ మధ్య దిగితే రెండు వైపులా సుఖం. పాత బ్లాగుల్లో కనబడే రుషికొండ కొండమీది హరిత రిసార్ట్ ఇప్పుడు లేదు, 2021లోనే పడగొట్టారు.

గది బుక్ చేసేటప్పుడు పన్ను లెక్క చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు గదికి జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. 7,400 గదికి బిల్లు 7,770 అయితే, 7,600 గదికి 8,968 అవుతుంది. రెండు వందల తేడా కాస్తా పన్నెండు వందలవుతుంది. ‘హనీమూన్ ప్యాకేజీ’ అంటే చాలాచోట్ల మంచం మీద గులాబీ రేకులు, ఒక కేకు, రెండు కొవ్వొత్తులు. అవి లేకుండా గది ఎంతో విడిగా అడిగితే దాని అసలు ధర తెలుస్తుంది. ‘సీ వ్యూ’ అన్నా పక్కకు వంగి చూస్తే కనబడే సముద్రం కావచ్చు. ‘సముద్రానికి ఎదురుగానేనా, ఏ అంతస్తు?’ అని ఫోన్‌లోనే తేల్చుకోండి. అమ్మాయి ఆధార్‌లో పాత ఇంటిపేరు ఉన్నా ఫర్వాలేదు, ఇద్దరి కార్డులూ ఒరిజినల్‌గా ఉంటే చాలు. విశాఖ చిరునామా ఉన్న ఐడీకి కొన్ని చిన్న లాడ్జీలు గది ఇవ్వవు. ఆ మాటా ముందే అడగాలి.

కారు అద్దెకు తీసుకుంటే ముందు నంబరు ప్లేటు చూడండి. సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు సొంత కారును అద్దెకిస్తే, ప్రమాదం జరిగినప్పుడు బీమా చిక్కుల్లో పడుతుంది. బండి చేతికి రాగానే నాలుగు వైపులా, టైర్లు, అద్దాలు, ఫ్యూయెల్ ముల్లు కనబడేలా ఓనరు ఎదుటే వీడియో తీయండి. డిపాజిట్ దగ్గర గొడవ వచ్చేది ఎక్కువగా పాత గీతల మీదే. రోజుకు ఎన్ని కిలోమీటర్ల పరిమితో అడగండి. శనివారం ఒక్కరోజే రానూ పోనూ దాదాపు 240 కిలోమీటర్లు తిరుగుతారు. టోల్ దగ్గర ఫాస్టాగ్ ఉంటే 24 గంటల్లో తిరిగొచ్చినప్పుడు వెనక్కి సగమే కోస్తారు. ట్యాగ్‌లో డబ్బు ఎవరు వేయాలో కూడా బండి తీసుకునేటప్పుడే తేల్చుకోవాలి.

శనివారం ఐదున్నరకల్లా బయల్దేరితే భీమిలి, చిట్టివలస మీదుగా తగరపువలస దగ్గర హైవే ఎక్కొచ్చు. టిఫిన్ దారిలోనే కానిచ్చి, మధ్యాహ్న భోజనం శ్రీకాకుళంలో పార్శిల్ కట్టించుకోండి. తర్వాతి దారిలో చెప్పుకోదగ్గ హోటల్ దొరకడం కష్టం. అరసవల్లి ఊరిని ఆనుకునే ఉంటుంది. అక్కడి నుంచి శ్రీకూర్మం పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు. మధ్యాహ్నం తలుపులు వేస్తారు కాబట్టి పదకొండులోపు రెండు గుళ్లూ అయిపోవాలి. ఇంకో కారణం కాళ్లకింది రాయి. ఎండ ఎక్కాక శ్రీకూర్మంలో చెప్పుల్లేకుండా ప్రదక్షిణ చేస్తుంటే అరికాళ్లు చుర్రుమంటాయి. ఈ గుడిని హడావిడిగా చూడకండి. మూలవిరాట్టు పడమటి ముఖం, ధ్వజస్తంభాలు రెండు, చుట్టు మండపం గోడల మీద పాత వర్ణచిత్రాలు. ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్లను చూడ్డమే, చేత్తో ఎత్తి ఫోటో దిగకూడదు. అవి చట్టరీత్యా రక్షణ ఉన్న జీవాలు.

అక్కడి నుంచి గార మీదుగా శాలిహుండం. వంశధార ఒడ్డున కొండమీద బౌద్ధ స్తూపాలు. వాటిని 1919లో వెలుగులోకి తెచ్చింది మన వాడుకభాష గిడుగు రామమూర్తి పంతులుగారే. మెట్లెక్కడానికి నీళ్ల సీసా, టోపీ తప్పనిసరి. మూడింటికి కళింగపట్నం చేరితే సూర్యుడు వెనక ఉంటాడు, ఫోటోల్లో సముద్రం నీలంగా పడుతుంది. ఏటి మొగ దగ్గర నీళ్లలో దిగొద్దు. నది, సముద్రం కలిసేచోట అడుగున లాగుడు పైకి కనబడదు. రాత్రి ఉండడానికి ఈ ఊరు పెట్టుకోవద్దు, నాలుగున్నరకు తిరుగుముఖం పట్టండి.

తీరంలో కార్లు దిగబడేది ‘ఇంకొంచెం ముందుకు’ అనుకున్నప్పుడే. గట్టి నేల అయిపోయిన చోటే ఆపండి. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కొద్దు, తొక్కేకొద్దీ చక్రం ఇంకా లోతుకు పోతుంది. ఇంజిను తిప్పే చక్రాలకు టైర్ గాలి 32 నుంచి 18 పీఎస్‌ఐ దాకా తగ్గించి, ముందూ వెనకా ఇసుక చేత్తో తోడి, కారు మ్యాట్లు చక్రాల కింద దూర్చి, మెల్లగా వెనక్కి తీయాలి. దగ్గర్లో గాలి మిషను ఉన్న చోటు దాకా నెమ్మదిగా నడిపి మళ్లీ నింపుకోవాలి.

ఆదివారం సూర్యోదయానికే రోడ్డెక్కండి. డిసెంబరులో అది ఆరుంబావు దాటాక, మేలో ఐదున్నరకల్లా. మన తీరంలో సూర్యాస్తమయం సముద్రంలో దొరకదు, కొండల వెనకే. పోస్ట్ వెడ్డింగ్ షూట్ వాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి. మంగమారిపేట దగ్గరి సహజ రాతి తోరణం పోటు తగ్గినప్పుడే బాగా కనబడుతుంది. ఆ రోజు టైడ్ వేళలు చూసుకుని, పక్కనే ఉన్న బౌద్ధ క్షేత్రం తొట్లకొండను ముందో వెనకో పెట్టుకోండి. ఎర్రమట్టి దిబ్బల్లోకి తెల్లబట్టలు వద్దు, ఆ ఎరుపు ఓ పట్టాన వదలదు. గట్ల అంచున నిలబడి ఫోటోలు అసలే వద్దు, అది గట్టిరాయి కాదు, ఇసుక. భీమిలిలో డచ్చి సమాధులు, గోస్తనీ మొగ చూసి మధ్యాహ్నానికి వెనక్కి రావచ్చు. ఆర్కే బీచ్ దగ్గరి కురుసుర జలాంతర్గామి మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది, కాబట్టి దానికీ ఆదివారమే.

స్నానం రుషికొండలో లైఫ్‌గార్డులున్న హద్దులోపలే. ఆర్కే బీచ్‌లో మోకాలు దాటి దిగొద్దు. లోపలికి లాగే పాయలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది పక్కకు తప్పించుకోవాలి. చన్నీళ్లలో వేళ్లు సన్నబడి కొత్త ఉంగరాలు ఇట్టే జారిపోతాయి, అలల్లో పడితే ఇక మరిచిపోవాల్సిందే. ఉంగరాలు, నల్లపూసలు గది లాకర్లో పెట్టి వెళ్లండి.

చేపల దగ్గర ఒక లెక్క. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. వైశాఖ ముహూర్తాల జంటలు వచ్చేది సరిగ్గా అప్పుడే. వంజరం, చందువా ‘ఫ్రెష్’ అంటే ఐసులోదో, తెప్పలవాళ్లు తెచ్చిందో అడగండి. చెరువు రొయ్యలకు ఆ ఇబ్బంది లేదు. తూకం మీద అమ్మేచోట ఆ బరువు పచ్చి చేపదా, శుభ్రం చేశాకా అన్నది ఆర్డరుకు ముందే తెలుసుకోవాలి.

మాఘమాసం పెళ్లిళ్లకు ఈ దారి బంగారం. ఆషాఢంలో పెద్దలు ఎలాగూ కదలనివ్వరు. అక్టోబరు, నవంబరుల్లో బుక్ చేస్తే ఉచితంగా రద్దు చేసుకునే గదే తీసుకోండి. హుద్‌హుద్ తుపాను 2014లో, తిత్లీ తుపాను 2018లో వచ్చింది అక్టోబరులోనే.