ఇంట్లో కంప్యూటర్ల మధ్య పాటలకి సింక్‌థింగ్: కొన్నేళ్లు వాడాక

రెండు మూడు కంప్యూటర్లు ఉండి, పాటలన్నీ ఒక్కదాంట్లోనే పేరుకుపోయాయా? అయితే సింక్‌థింగ్ పెట్టుకోండి, ఒక ఫోల్డర్‌ని అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా ఉంచే సాఫ్ట్‌వేర్ ఇది. నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను, మార్చే ఆలోచన లేదు. ఉచితం, ఓపెన్ సోర్స్, 2013 నుంచి ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిట్లో నడుస్తుంది. అకౌంట్ గొడవ లేదు, పాటలు ఏ క్లౌడ్‌లోనూ కూర్చోవు.

పెన్‌డ్రైవ్‌తో అసలు తలనొప్పి కాపీ చేయడం కాదండీ, ఏది కొత్తదో ఏది పాతదో తేల్చుకోవడం. ట్యాగ్‌లో (పాట ఫైల్ లోపలే ఉండే వివరాలు) సింగర్ పేరు సరిచేశాం, ఫైల్ పేరు మాత్రం అదే, ఇప్పుడు రెండో కంప్యూటర్ "రీప్లేస్ చేయాలా" అని వందల ఫైళ్లకి అడిగితే ఏం చెప్తాం? సింక్‌థింగ్ ఫైల్‌ని ముక్కలుగా చూస్తుంది (చిన్న ముక్క 128 కేబీ), మారిన ముక్కల్నే పంపుతుంది. ఎంపీ3లో ట్యాగ్ మామూలుగా ఫైల్ మొదట్లో ఉంటుంది కాబట్టి, అక్కడ ఖాళీ జాగా ఉంటే ఒక్క ముక్కతో పని అయిపోతుంది. పెద్ద ఆల్బమ్ కవర్ దూర్చారనుకోండి, పాట డేటా అంతా వెనక్కి జరిగి దాదాపు ఫైల్ మొత్తం మళ్లీ వెళ్తుంది. ఫ్లాక్ ఫైళ్లకి (నాణ్యత తగ్గించని, ఎంపీ3 కన్నా బాగా పెద్ద పాట ఫైళ్లు) కవర్లన్నీ ఒకేసారి మారిస్తే ఆ రాత్రికి దాన్ని దాని మానాన వదిలేయడమే.

మొదటిసారి మాత్రం వైఫై మీద పెట్టకండి, లాన్ కేబుల్ వేయండి. అదీ రూటర్ పోర్ట్ 100 ఎంబీపీఎస్ (మెగాబిట్లు, మెగాబైట్లు కాదు) అయితే సెకనుకి 12 ఎంబీ దాటదు. పైగా పంపే ముందు ఫైళ్లన్నీ ఒకసారి చదువుకుంటుంది, పాత ల్యాప్‌టాప్ అయితే ఫ్యాన్ మోత మోగిపోతుంది.

సెట్టింగుల్లో ఒక్కటి తప్పనిసరి: పాటలు చేర్చే కంప్యూటర్‌లో ఫోల్డర్‌ని "సెండ్ ఓన్లీ", వినే కంప్యూటర్‌లో "రిసీవ్ ఓన్లీ" చేయండి. లేదంటే పిల్లలు అక్కడ డిలీట్ చేసింది ఇక్కడా పోతుంది. ఇది బ్యాకప్ కాదు, సింక్, అంటే ఒక చోటి మార్పు రెండో చోటా జరిగిపోతుంది. వేరే హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ ఉండాల్సిందే. ఫైల్ వెర్షనింగ్ ఆన్ చేస్తే అవతలి నుంచి వచ్చిన డిలీట్లు చెత్తబుట్టలాంటి ఫోల్డర్‌లో పడి ఉంటాయి, అదో ఊరట.

చిరాకులూ ఉన్నాయి. లినక్స్‌లో పాట పేరులో ప్రశ్నార్థకమో కోలనో ఉంటే అది విండోస్‌లో దిగదు, పేరు మార్చేదాకా "ఔట్ ఆఫ్ సింక్" (ఇంకా సరిపోలలేదు) అంటూనే ఉంటుంది. ప్లేలిస్టుల్లో డ్రైవ్ పేరుతో సహా పూర్తి దారి రాసి ఉంటే రెండో చోట ఒక్క పాటా మోగదు. ప్లేయర్ తన పాటల జాబితా దాచుకునే డేటాబేస్ ఫైల్‌ని ఇగ్నోర్ లిస్టులో (సింక్ చేయొద్దని చెప్పే ఫైళ్ల జాబితా) పడేయండి, రెండు చోట్లా ఒకేసారి తెరిస్తే గందరగోళం. ఇంకోటి, ఫైళ్లు వెళ్లాలంటే రెండు కంప్యూటర్లూ ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలి.

ఫోన్‌కి కూడా కావాలంటే, ఆండ్రాయిడ్ అధికారిక యాప్ 2024 డిసెంబర్‌లో ఆగిపోయింది. దాని కోడ్ తీసుకుని వేరేవాళ్లు నడిపేవి దొరుకుతాయి.