మడత వీల్‌చైర్ కొన్నది అమ్మ కోసం, ఊపిరాడింది మాత్రం నాకు

అమ్మకి పక్షవాతం వచ్చి రెండేళ్లు దాటింది, అప్పట్నుంచి నా లోకమంతా ఆ మంచం చుట్టూనే, మందులు, డైపర్లు, పక్క మార్చడం, రాత్రి రెండుసార్లు లేవడం... ఎవరైనా కాసేపు బయట తిరిగిరా అంటే అమ్మనెవరు చూస్తారని ఏడుపొచ్చేది. అందుకే ఈ వీల్‌చైర్ తీసుకున్నాం, ఆరు నెలలు వాడి రాస్తున్నా.

వెనక చక్రాలు 24 అంగుళాలవి, ఇది చాలా ముఖ్యం అండి. ఇది కొనకముందు 12 అంగుళాల చిన్న చక్రాలది అద్దెకి తెచ్చాం, కార్లో పెట్టుకోడానికి తేలికే కానీ గడ్డిలో, గతుకుల్లో తోసేసరికి నా నడుం పడిపోయింది. దీనికి గాలి టైర్లు కాబట్టి అమ్మకి కుదుపులు తక్కువ, కాకపోతే గాలి చూసుకుంటూ ఉండాలి, తగ్గితే బ్రేకు కూడా సరిగ్గా పట్టదు.

నచ్చనిది బరువు, ఇనుప ఫ్రేము, కార్లోకి ఎత్తాలంటే ఇంకో చెయ్యి కావాలి. సీటు గుడ్డ మధ్యలోకి కుంగుతోంది, ఎక్కువసేపు కూర్చుంటే పుండ్లు పడతాయని కుషన్ విడిగా కొన్నా. ఏటవాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించండి, ముందుకి దించితే మనిషి జారిపోతారు, ఇది షాపులో ఎవరూ చెప్పలేదు.

రోజూ పొద్దున్నే పార్కుకి వెళ్తున్నాం. మబ్బు పట్టినా బయట వెలుతురు వేల లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) ఉంటుంది, ఇంట్లో లైటు కింద వందల్లోనే, పొద్దుటి వెలుగుతోనే ఒంట్లో గడియారం సర్దుకుంటుందంటారు, నిజంగానే మాకిద్దరికీ నిద్ర కుదిరింది. 2019లో ఇంగ్లండులో దాదాపు 20 వేల మంది మీద చేసిన స్టడీలో వారానికి 120 నిమిషాలైనా చెట్టూచేమల మధ్య గడిపేవాళ్లు ఎక్కువమంది ఆరోగ్యం, మనసు బావున్నాయని చెప్పారు, ఒకేసారి గడిపినా ముక్కలుముక్కలుగా గడిపినా తేడా లేదట. మాలాంటోళ్లకి ఈ ముక్కల మాటే పెద్ద ఊరట, రెండు గంటలు ఒకేసారి మాకెక్కడ దొరుకుతాయి?

చెట్టు కింద బ్రేకు వేసి పక్క బెంచీ మీద కూర్చుంటా. ఆ ఇరవై నిమిషాలు ఎవరికీ ఏదీ అందించక్కర్లేదు. ఇంటికొచ్చాక అమ్మ మీద విసుక్కోవడం తగ్గింది, అది నాకే తెలుస్తోంది. నిన్న వాన వల్ల వెళ్లలేదు, సాయంత్రం తెరిపివ్వగానే మూలనున్న కుర్చీ వైపు అమ్మే చెయ్యి చూపించింది.