స్టాండర్డ్ బేరింగులా, క్రాంకు గ్రైండింగా: ఏది మేలు?

ఇంజన్ దింపి, ఆయిల్ పాన్ విప్పి చూస్తే, క్రాంకుని (పిస్టన్ల కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసుని) మోసే పాత బేరింగుల పైపూత అరిగి రాగిరంగు తేలి ఉంటుంది. అక్కడ మొదలవుతుంది పంచాయితీ. మెకానిక్ "క్రాంకు బాగానే ఉంది, స్టాండర్డే వేసేద్దాం సార్" అంటాడు. లేతు షాపాయన "ఒక సైజు కొట్టేస్తే పీడా పోతుంది" అంటాడు. స్టాండర్డ్ అంటే కంపెనీ అసలు సైజు బేరింగు; సైజు కొట్టడమంటే క్రాంకుని రాయితో సన్నగా గ్రైండ్ చేసి, ఆ మేరకు మందమైన బేరింగు వేయడం. స్పేర్ పార్టుల కొట్టులో ఏ సైజు స్టాకుంటే అదే మంచిదంటారు. ఎవరి లెక్క వాళ్లది. తేల్చాల్సింది మాత్రం మైక్రోమీటరే.

కొలత ఎలాగన్నది ముఖ్యం. ఒక్కో జర్నల్‌ని (క్రాంకులో బేరింగు కూర్చునే గుండ్రటి భాగాన్ని) ఒకచోట కొలిచి వదిలేస్తే ఏమీ తెలియదు. ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి, ప్రతిచోటా నిలువుగా, అడ్డంగా, అంటే జర్నల్‌కి నాలుగు రీడింగులు. చివరలకి తేడా వస్తే టేపరు, నిలువుకీ అడ్డానికీ తేడా వస్తే ఓవల్. సుజుకీ ఇంజన్లలో ఈ రెండింటికీ లిమిట్ 0.01 మి.మీ. మాత్రమే. పిస్టన్ దెబ్బ ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది కాబట్టి ఓవల్ ముందుగా బయటపడేది కనెక్టింగ్ రాడ్ జర్నల్స్‌లోనే. మెయిన్లు (బ్లాకులో కూర్చునే జర్నల్స్) మాత్రమే చూసి "క్రాంకు బాగుంది" అనేయకండి.

ఇప్పుడు స్టాండర్డ్ సంగతి. గోరుతో గీస్తే తగలని సన్నగీతలు, ఓవల్ లేదు, కొలత కంపెనీ ఇచ్చిన హద్దుల్లోనే ఉంది: అలాంటప్పుడు పాలిష్ చేయించి స్టాండర్డ్ వేయడమే మేలు. డబ్బు మిగులుతుంది, క్రాంకులో ఒక సైజు కూడా మిగులుతుంది. అయితే పాలిష్ తీసేది కొన్ని మైక్రాన్లే. ఓవల్‌ని అది గుండ్రం చేయలేదు.

లెక్క వేసి చూడండి. మారుతీ ఎస్టీమ్, జిప్సీ కింగ్‌లలో వచ్చిన 1.3 లీటర్ల జీ13 ఇంజన్‌లో మెయిన్ జర్నల్ సుమారు 45 మి.మీ. ఆయిల్ క్లియరెన్స్, అంటే జర్నల్‌కీ బేరింగుకీ మధ్య నూనెకి వదిలే సందు, 0.020 నుంచి 0.040 మి.మీ. ఉండాలి, 0.060 దాటకూడదు. కొత్తలో 0.030 సందు ఉన్న జర్నల్ మరో 0.030 అరిగిందనుకోండి. కొత్త స్టాండర్డ్ బేరింగు వేసినా మొదటి రోజే 0.060, అంటే లిమిట్ మీదే కూర్చుంటుంది. ఐడిల్‌లో ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటుంది. "బేరింగులు కొత్తవే కదా" అని ఆశ్చర్యపోవడం తప్ప మిగిలేదేమీ ఉండదు.

అలాంటి క్రాంకుకి గ్రైండింగే దారి. మిల్లీమీటర్లలో 0.25, 0.50 చొప్పున, పాత అంగుళాల ఇంజన్లలో 10, 20, 30, 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) చొప్పున దిగుతారు. 0.25 బేరింగులో ఒక్కో షెల్లు (బేరింగులో సగం ముక్క) 0.125 మందం ఎక్కువ ఉంటుంది. ఎంత తక్కువ సైజుతో పని జరిగితే అంత మేలు. "ఎలాగూ కొడుతున్నాం కదా, ఇంకో సైజు లాగేద్దాం" అనే మాట వింటే ఒప్పుకోకండి.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట మంచి గ్రైండర్ దగ్గరికి క్రాంకు ఒక్కటే పట్టుకెళ్తే "బేరింగులేవి?" అని అడుగుతాడు. అడక్కపోతే అనుమానించాల్సిందే. బేరింగులు చేతికొచ్చాకే రాయి తిరగాలి. ముందు 0.25కి కొట్టించేసి, ఆ సైజు బేరింగు ఊళ్లో ఎక్కడా లేదని తెలిస్తే మళ్లీ 0.50కి కొట్టించాలి, ఒక సైజు దండగ. జర్నల్ పక్కనున్న వంపు కూడా అడిగి మరీ చూసుకోండి. ఆ మూలని రాయి పదునుగా కోసేస్తే క్రాంకు విరిగేది సరిగ్గా అక్కడే.

అన్ని ఇంజన్లకీ ఒకే మంత్రం పనిచేయదు. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజన్ గ్రైండింగ్‌కి పుట్టినట్టే ఉంటుంది: మూడే మెయిన్లు, 40 థౌ దాకా దిగే వీలు. జీ13 లాంటి వాటిలో స్టాండర్డ్‌లోనే ఐదు రకాలున్నాయి: ఆకుపచ్చ, నలుపు, రంగు లేనిది, పసుపు, నీలం. మందంలో తేడా మైక్రాన్లలోనే. క్రాంకు మీద, బ్లాకు మీద కొట్టిన గుర్తులు చూసి, మాన్యువల్ పట్టికలో కలిపి ఏ జర్నల్‌కి ఏ రంగో తీయాలి. పాత షెల్లు వెనక ఎస్‌టీడీ అని ఉంది కదా అని ఏదో ఒక స్టాండర్డ్ సెట్టు తెచ్చి అన్నింటికీ వేసేస్తే, ఒకటి బిగుతుగా, ఇంకొకటి వదులుగా కూర్చుంటుంది. ఇంకో చిక్కుంది. కొన్ని కొత్త ఇంజన్ల క్రాంకులకి పైన నైట్రైడింగ్ చేసిన పలచటి గట్టిపొర ఉంటుంది. గ్రైండింగ్‌లో అది పోతే మళ్లీ ట్రీట్‌మెంట్ చేయించాలి. కంపెనీ గ్రైండింగే వద్దన్న క్రాంకుని లేతు దాకా తీసుకెళ్లకుండా కొత్తది కొనడమే మేలు. స్క్రాపు క్రాంకైతే బెండు చూపించి, నాలుగు రీడింగులు తీశాకే డబ్బులివ్వండి.

బిగుతా, వదులా అంటే, హద్దుల్లో ఉన్నంతవరకు నా ఓటు కాస్త వదులుకే. మరీ బిగుతైతే ఆయిల్ పొర నిలవదు, షెల్లు జర్నల్‌ని పట్టేస్తుంది. అలాగని కొలత కుదరకపోతే క్యాపుని (షెల్లు మీద బోల్టులతో బిగించే మూతని) ఆకురాయితో రాయడం, షెల్లు వెనక సిగరెట్ పెట్టె రేకు పెట్టడం చేయనివ్వకండి. షెల్లుని కదలకుండా పట్టేది బోల్టుల బిగువులో దాని వీపుకి అందే నొక్కుడే, వేడి బయటికి పోయేదీ ఆ వీపు గుండానే. మధ్యలో కాగితం చేరితే రెండూ చెడతాయి.

చివరగా ప్లాస్టీగేజ్, అంటే నలిగిన వెడల్పుని బట్టి సందు ఎంతో చెప్పే మెత్తటి ప్లాస్టిక్ తీగ. ఆకుపచ్చ రకం 0.025 నుంచి 0.076 దాకా చూపిస్తుంది, ఈ పనికి అది చాలు. జర్నల్‌ని నూనె లేకుండా తుడిచి, తీగ పెట్టి, క్యాపుని టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పినంత బిగించి విప్పండి. మధ్యలో క్రాంకు తిప్పకూడదు. నలిగిన వెడల్పు చెప్పే సందు హద్దుల్లో లేకపోతే ఇంజన్ కూర్చకండి, క్రాంకునీ బేరింగులనీ పట్టుకుని మళ్లీ గ్రైండర్ దగ్గరికే వెళ్లండి.