మిషన్ బ్లాక్‌జాక్, టేబుల్ బ్లాక్‌జాక్: లెక్క ఎక్కడ పారుతుంది?

సంక్రాంతికి భీమవరంలో పేకాట కూర్చుంటే మా బావకి పడిన ముక్కలన్నీ గుర్తుంటాయి. మొన్న గోవా కాసినోలో బ్లాక్‌జాక్ (ముక్కల మొత్తం ఇరవై ఒకటి దాటకుండా, పంచే డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకోవాల్సిన పేకాట) ఆడొచ్చి, "మిషన్ మీద నా లెక్క పారలేదురా" అన్నాడు. పారదు మరి.

టేబుల్ మీద డీలర్ ఒకసారి కలిపిన కట్టల్లోంచే చాలా ఆటలు పంచుతాడు. రెండు నుంచి ఆరు లోపు ముక్క పడితే ఒకటి కలుపుకోవాలి. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తీసేయాలి. లెక్క పెరిగిందంటే లోపల పెద్ద ముక్కలు మిగిలాయన్నమాట. అవి ఆడేవాడికి కలిసొస్తాయి, అప్పుడే పందెం పెంచాలి. ఇలా లెక్కపెట్టి కాసినోని గెలవొచ్చని అమెరికా గణితవేత్త ఎడ్వర్డ్ థార్ప్ 1960ల్లోనే గణితంతో చూపించాడు. బావ చింతపిక్కలు పక్కకి జరుపుతూ ఇదే సాధన చేశాడు, పాపం.

చాలా మిషన్లు ప్రతి ఆటకీ ముక్కలన్నీ మళ్లీ కలిపేస్తాయి. ఇందాక పడిన ఆసు మళ్లీ లోపలే ఉంటుంది. ఇంక లెక్కపెట్టడానికి ఏముంది?

చెల్లింపు కూడా చూడాలి. మంచి టేబుల్‌లో వంద కాసి బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువున్న ముక్క) పడితే నూట యాభై వస్తుంది. కొన్ని మిషన్లలో నూట ఇరవై, కొన్నింట్లో వందే. ఎంత బాగా ఆడినా ఆ తేడా పూడదు.

నన్నడిగితే టేబులే నయం, అదీ లెక్క తప్పని వాళ్లకి. లెక్కపెడుతున్నారని పసిగడితే కాసినో వాళ్లు లేచి వెళ్లమంటారు. మిషన్ అలా ఎప్పుడూ అనదు, దానికి ఆ అవసరమే లేదు.